ఒత్తులు లేని వాచకం

ముక్కామల అచ్చమ్మగారి పేరులో మూడు ఒత్తులున్నాయి. అరవై ఒక్క సంవత్సరాలపాటు ఆ మూడూ ఎవరికీ అడ్డం రాలేదు. అరవై రెండో ఏట, పదవీ విరమణకు సరిగ్గా మూడు నెలల ముందు, ప్రభుత్వం కన్ను వాటిమీద పడింది.

ఆవిడ కాకినాడలో ప్రాథమిక వాచకాల ముద్రణ మండలిలో ప్రూఫ్ రీడరు. ఒకటో తరగతి పిల్లలు చదివే తెలుగు పుస్తకాల్లో తప్పులు పట్టడం ఆవిడ పని. కొప్పులో ఎర్ర పెన్సిలు గుచ్చుకుని ఉదయం పదింటికి వచ్చేది, సాయంత్రం దాని మొన అరగదీసుకుని వెళ్ళేది. ముప్పై ఒక్క సంవత్సరాల సర్వీసు రిజిస్టరులో 'దోషములు' అన్న గడి తెల్లగా ఉండిపోయింది. ఆ తెలుపే ఆవిడ ఆస్తి. పెళ్ళికి పిలవడానికి వచ్చినవాళ్ళకి కాఫీతోపాటు శుభలేఖ కూడా దిద్ది ఇచ్చేది. పెళ్ళయిన కొత్తలో భర్త రాసిన ఉత్తరాన్ని దిద్ది తిరుగు టపాలో పంపిందట. ఆయన మళ్ళీ ఉత్తరం రాయలేదు, ఇంట్లో ఫోను పెట్టించాడు.

అంత కచ్చితం దేనికమ్మా అని ఎవరైనా అడిగితే, "అడుసు తొక్కనేల, కాలు కడగనేల" అనేది.

ఏటా జూన్‌లో బడులు తెరిచినరోజు ఆవిడ ఒకపూట సెలవు పెట్టి ఇంటి పక్కనున్న మునిసిపల్ బడికి వెళ్ళేది. ఒకటో తరగతి వరండాలో నిలబడి, కొత్త పిల్లలు కొత్త వాచకం తెరిచి మొదటి పేజీ చదువుతుంటే వినేది. "అ – అమ్మ" అని నలభై గొంతులు ఒక్కసారి అనగానే, వచ్చినంత నిశ్శబ్దంగా వెళ్ళిపోయేది. ఆవిడకి సంవత్సరానికి అదొక్కటే పండగ. ఉద్యోగంలో ఉండగా ఆఖరి పండగ ఈ జూన్‌లోనే.

ఇలా ఉండగా మార్చి నెలలో మండలి డైరెక్టరు త్రివిక్రమరావుగారు మూడు రోజుల శిక్షణకి వెళ్ళొచ్చారు. వెళ్ళేటప్పుడు మామూలు మనిషే. వచ్చేటప్పుడు చొక్కా పైగుండీ విప్పుకుని, జుట్టు దువ్వుకోకుండా వచ్చారు. సిబ్బందిని హాల్లో కూర్చోబెట్టారు.

"మనందరికీ ఒక జబ్బుంది. దానిపేరు పర్ఫెక్షన్. తప్పు జరుగుతుందేమోనన్న భయం మనలోని సృజనని తొక్కిపట్టింది. భయం వదలండి. మనసుని ప్రవహించనివ్వండి. మూడో రోజు నాచేత ఎడమచేత్తో బొమ్మ వేయించారు. గుర్రం వేశాను. చూసినవాళ్ళు వంకాయ అన్నారు. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి."

ఆ మాటల్లో తప్పేమీ లేదని అచ్చమ్మగారికీ అనిపించింది. తప్పు జరుగుతుందేమోనని రాత్రిళ్ళు లేచి కూర్చున్న మనిషి ఆవిడ. డైరెక్టరుగారు అక్కడితో ఆగి ఉంటే ఈ కథ ఉండేది కాదు. కానీ ఆయన ప్రభుత్వోద్యోగి. మనసు ప్రవహించాలంటే ముందు సర్క్యులర్ ప్రవహించాలి.

ఆయన చెబుతుంటే కంప్యూటరు మీద కొట్టినవాడు కొప్పిశెట్టి వీర్రాజు. అచ్చమ్మగారితోపాటు ముప్పై ఏళ్ళుగా ఆ గదిలోనే అక్షరాలు కూర్చిన మనిషి. కాగితం ప్రింటరులోంచి రాగానే అచ్చమ్మగారు అలవాటుగా చెయ్యి చాపింది.

"మీరు చూడక్కర్లేదు. దిద్దొద్దని చెప్పే కాగితాన్ని దిద్దితే నలుగురూ నవ్వుతారు. సహజంగా పోనివ్వండి" అన్నారు డైరెక్టరుగారు.

సహజంగా పోయిన ఆ కాగితం మర్నాడు నోటీసుబోర్డు మీద ఇలా ఉంది:

"సిబ్బంది యావన్మందికీ తెలియజేయునది ఏమనగా, పరిపూర్ణత సృజనకు ప్రథమ శత్రువు. కావున నేటినుండి మండలిలో ఎట్టి ఒత్తులు లేకుండా రాయవలెను. ప్రతి పుటకు కనీసము మూడు సహజ దోషములు ఉండవలెను. గరిష్ఠ పరిమితి లేదు. ఒకసారి వెలువడిన దోషమును దిద్దుట శిక్షార్హము."

అచ్చమ్మగారు రెండుసార్లు చదివి వీర్రాజు దగ్గరికి వెళ్ళింది.

"వీర్రాజుగారూ, సారు ఒత్తిళ్ళు లేకుండా అన్నారా, ఒత్తులు లేకుండా అన్నారా?"

"ఆయ్, నాకేటి తెల్దండీ. నెత్తిమీద ఫేనొకటి గరగరమంటంది. ఒత్తిళ్ళో, ఒత్తులో, ఏదో ఇనపడింది, కొట్టేశాను. మీరు సూత్తారు గదా అని దైర్యం."

ఆవిడ నోటీసు కాగితం పీకి పట్టుకుని డైరెక్టరుగారి గదికి వెళ్ళింది. ఆయన చదువుకున్నారు. మొహం కాస్త పాలిపోయింది. ఆవిడకి జాలివేసింది. "పరవాలేదండీ, ఒక్క పదం, ఇప్పుడే మార్చేస్తాను" అని కొప్పులోంచి పెన్సిలు తీసింది.

"ఆగండి" అన్నారాయన. మొహంలోకి నెమ్మదిగా వెలుగు వచ్చింది. "ఒత్తు అంటే ఏమిటండీ? అక్షరం కాళ్ళకి కట్టిన బరువు. తెలుగు ఎందుకు కష్టం? ఒత్తుల వల్ల. పిల్లలు బడి ఎందుకు మానేస్తున్నారు? ఒత్తుల వల్ల. ఇంతమంది పండితులకి తట్టనిది ఈ తప్పుకి తట్టింది. ఇది నేనన్నమాట కాదు. నాలోని సృజన అన్నమాట."

"కొట్టింది వీర్రాజుగారండీ."

"వీర్రాజు ద్వారా అన్నది. పైగా వెలువడిన దోషాన్ని దిద్దడం శిక్షార్హం. చదివారుగా?"

చదివింది. పెన్సిలు మళ్ళీ కొప్పులో పెట్టుకుంది.

వారం తిరిగేసరికి మండలిలో ఒత్తన్నది కనపడకుండా పోయింది. గెజిటెడ్ అధికారుల పేర్లకి మాత్రం మినహాయింపు ఇచ్చారు. హోదాలకి ఇవ్వడం మరిచిపోయారు. అందుచేత డైరెక్టరుగారి గుమ్మం మీద 'త్రివిక్రమరావు, డైరెకర్' అని కొత్త బోర్డు పడింది. మెట్ల దగ్గర 'చెపులు ఇకడ విడువరాదు' అని రాశారు. సెలవు చీటీల్లో ఒక గుమాస్తా తల్లికి 'జరం' వచ్చింది, ఇంకొకాయనని 'పిచి కుక' కరిచింది.

అచ్చమ్మగారు తప్పొప్పుల పట్టిక రాసుకునే పుస్తకం అయిపోయి, కొత్తది కావాలని స్టోర్సుకి ఇండెంటు పెట్టింది. నిబంధన ప్రకారం 'తపొపుల పటిక – ఒకటి' అని రాయక తప్పలేదు. మధ్యాహ్నానికి ఒక కిలో పటిక పొట్లం కట్టి పంపారు. వెనక్కి పంపితే, అందిన పటిక నాణ్యతలో లోపమేమిటో వివరించమని అడిగారు. వీర్రాజు దాన్ని ఇంటికి పట్టుకెళ్ళి బిందెలో నీళ్ళు తేరబెట్టుకున్నాడు.

ఇక తప్పుల సంగతి. పేజీకి మూడు తప్పులుండాలన్నారుగాని, అవి సహజంగా ఉండాలి. కావాలని చేసిన తప్పు తప్పు కిందికి రాదు. ఏది సహజమో ఏది కాదో తేల్చడానికి చింతలపాటి కామేశ్వరంగారిని 'దోష సహజత్వ నిర్ధారణ అధికారి'గా వేశారు. ఆయన అంతకుముందు ఫర్నిచరు చూసేవారు. కుర్చీ కాళ్ళని చూసినట్టే వంగి, కళ్ళజోడు పైకి తోసి, ప్రతి తప్పునీ చూసేవారు.

"ఇక్కడ 'ఏనుగు' బదులు 'ఎనుగు' రాశారు. రాసేముందు ఆలోచించారా?" అని ఒక గుమాస్తాని అడిగారు.

"కొంచెం ఆలోచించానండి."

"అయితే ఇది కృత్రిమ దోషం. కొట్టివేయడమైనది. సాయంత్రంలోగా ఆలోచన లేకుండా మరొకటి సమర్పించండి."

పాపం ఆ గుమాస్తా సాయంత్రందాకా ఆలోచించకుండా ఉండటానికి నానా తంటాలు పడ్డాడు. ఆలోచించకూడదన్న ఆలోచనే వదలలేదట. రెండో నెలకి సిబ్బంది తప్పు జరుగుతుందేమోనన్న పాత భయం మానేసి, తప్పు సరిగ్గా రాదేమోనన్న కొత్త భయం పెట్టుకున్నారు. కొందరు ఇంటిదగ్గర తెల్లవారుజామున లేచి అభ్యాసం చేసేవారు.

అచ్చమ్మగారు ఇవన్నీ చూసి నోరుమూసుకుంది. మూడు నెలలు కళ్ళు మూసుకుంటే పోతుందనుకుంది. కానీ మే నెల మొదటి వారంలో ఒకటో తరగతి వాచకం ప్రూఫులు బల్లమీదికి వచ్చాయి.

మొదటి పేజీలో బొమ్మ పాతదే. చీర కొంగుతో బిడ్డ మూతి తుడుస్తున్న తల్లి. కింద పెద్ద అక్షరాలతో 'అ – అమ' అని ఉంది.

ఆవిడ పేజీలు తిప్పింది. 'ఆవు గడి మేసింది.' 'గోడ మీద బలి ఉంది.' గడ్డి మేసే ఆవు గడి మేస్తే మేసిందిగాని, గోడమీద బల్లి పోయి బలి వచ్చి కూర్చుంటే పిల్లలు ఏమైపోవాలి? నలభై ఎనిమిది పేజీలూ ఒళ్ళో పెట్టుకుని డైరెక్టరుగారి ఎదుట కూర్చుంది.

"అయ్యా, నేను రెండు నెలల్లో వెళ్ళిపోయేదాన్ని. నా కోసం అడగట్లేదు. ఈ పుస్తకం ఆరు లక్షలమంది పిల్లల చేతుల్లోకి వెళుతుంది. వాళ్ళు రాయడం నేర్చుకునే మొదటి మాట అమ్మ. దాన్ని వదిలెయ్యండి."

"మీ బాధ నాకు అర్థమవుతోంది. అది మీ బాధ కాదు, మీలోని పర్ఫెక్షన్ బాధ. ఆలోచించండి, పిల్లవాడికి ఒక ఒత్తు బరువు తగ్గించాం. ఆ తగ్గిన బరువుతో వాడు ఎగురుతాడు."

ఆవిడకి కోపం వచ్చింది. ముప్పై ఒక్క సంవత్సరాల్లో పై అధికారి మీద వచ్చిన మొదటి కోపం. ప్రూఫులు తీసుకుని లేచి వచ్చేసింది. ఇంటికి వెళ్ళి అన్నం కలుపుకుని, ఒంటరిగా కూర్చుని "అమ" అని పైకి అని చూసింది. పలికితే పలికిందిగాని, ఎవరూ వెనక్కి తిరిగి చూసేలా లేదు. అమ్మ అనాలంటే పెదాలు రెండూ ఒక్క క్షణం ఎక్కువ కలిసుండాలి. ఆ ఒక్క క్షణమే ఒత్తు.

మర్నాడు ఆఫీసుకి వెళ్ళేసరికి కామేశ్వరంగారు ఒక సెలవుచీటీని గట్టిగా మెచ్చుకుంటున్నారు. అత్తగారు పోయిందన్న దుఃఖంలో దాన్ని రాసిన గుమాస్తా మరిచిపోయి 'అత్త' అని ఒత్తు పెట్టి రాశాడు.

"దీన్నంటారు సహజ దోషం. ఒత్తు నిషిద్ధం. అయినా పడింది. ఎందుకు పడింది? అలవాటున పడింది. ఆలోచన ఉందా? లేదు. అత్తగారు పోతే ఇలాంటి తప్పు వచ్చింది, మనం బతికున్నవాళ్ళతో ఎంత సాధించొచ్చో చూడండి."

అచ్చమ్మగారు తలుపు దగ్గరే ఆగిపోయింది.

"కామేశ్వరంగారూ, అయితే ఒత్తు పడితే దోషం కింద లెక్కేనా?"

"నిస్సందేహంగా."

"పేజీకి మూడుండాలి. ఎక్కువుంటే?"

"గరిష్ఠ పరిమితి లేదు. డైరెక్టరుగారు స్వయంగా వాక్యం చేర్పించారు."

ఆవిడ తిన్నగా వీర్రాజు దగ్గరికి వెళ్ళి ప్రూఫులు బల్లమీద పెట్టి, అన్ని ఒత్తులూ వెనక్కి పెట్టెయ్యమంది. వీర్రాజు తెల్లబోయాడు. ఆవిడ విడమరిచి చెప్పింది. అతను నవ్వాడు, నవ్వినవాడు మధ్యలో ఆగిపోయాడు.

"మేడంగారండీ, బానే ఉంది గానండీ, ప్రతి తప్పుకీ ఫారం రాయాలి గదా. 'ఈ దోషము నేను చేసితిని' అని మీరు సంతకం పెట్టాలి. అయ్యన్నీ మీ రిజిస్టర్లో ఎక్కిత్తారు. ముప్పయ్యొక్కేళ్ళు తెల్లగా ఉంచుకున్న కాయితమండీ అది. ఈ యేటితో ఎల్లిపోయేవోరు. ఎందుకండీ?"

ఆ తెల్లగడి ఆవిడకి పసుపుకుంకుమల్లా ప్రియమైనది. పదవీ విరమణ సభలో దాన్ని చదివి వినిపిస్తారని పదేళ్ళుగా ఊహించుకుంటోంది.

"పెట్టండి, వీర్రాజుగారూ. అమ్మతో మొదలుపెట్టండి."

ఇద్దరూ పది రోజులు కూర్చున్నారు. అతను ఒత్తులు పెడుతుంటే ఆవిడ ఎర్ర పెన్సిలుతో ఒక్కొక్కటీ లెక్కపెట్టింది. ఎక్కడా ఒక్క ఒత్తు జారిపోకూడదు. నలభై ఎనిమిది పేజీల్లో నాలుగు వందల పన్నెండు తేలాయి. నాలుగు వందల పన్నెండు ఫారాలు నింపి, ప్రతిదాని మీదా "అమ్మ అని రాయుట నా దోషము", "గడ్డి అని రాయుట నా దోషము" అని సంతకం పెట్టింది. మొదటి ఫారం మూడుసార్లు చదువుకుని గాని సంతకం పెట్టలేదు. వందో ఫారానికి నవ్వు వచ్చింది.

కామేశ్వరంగారు విచారణ జరిపారు.

"ఇన్ని తప్పులు చేసేటప్పుడు మీ మనస్సులో ఏముంది?"

"ఏమీ లేదండీ. చెయ్యి దానంతట అదే పోయింది. చిన్నప్పటి అలవాటు."

"చిన్నప్పటిదంటే?"

"మా అమ్మ నేర్పింది."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. అన్ని ఫారాల మీదా 'సహజము' అని ముద్ర వేశారు.

డైరెక్టరుగారి ఆనందానికి పట్టపగ్గాల్లేవు. మండలిలో అతి జిడ్డు మనిషి పథకం పుణ్యమా అని నాలుగు వందల తప్పులు చేసిందని హాల్లో సభ పెట్టి, శాలువా కప్పి, ప్రశంసాపత్రం చేతికిచ్చారు. 'ముకామల అచమ గారికి' అని ఉంది దానిమీద. ఆవిడ చెయ్యి కొప్పుదాకా వెళ్ళింది. అక్కడే జుట్టు సర్దుకుని దిగిపోయింది. పుస్తకం అప్పటికే అచ్చవుతోంది. అదొక్కటి చాలు.

జూన్‌లో బడులు తెరిచినరోజు ఆవిడ మునిసిపల్ బడి వరండాలో నిలబడింది. లోపల టీచరు పుస్తకాలు పంచి మొదటి పేజీ తెరవమంది.

"అ – అమ్మ."

నలభై జతల పెదాలు ఒక్క క్షణం ఎక్కువ కలిసి విడిపోయాయి. ఆవిడకి కళ్ళు చెమర్చాయి. వెళ్ళిపోదామనుకుంటుండగా లోపల పెద్ద నవ్వు లేచింది. ఉత్సాహంకొద్దీ పిల్లలు ముందుకి తిప్పేసి పద్నాలుగో పేజీకి వెళ్ళారు. టీచరు చదువుతోంది.

"ఏనుగు చెట్టు ఎక్కింది. చీమ కింద నిలబడి చూసింది."

అక్కడ ఉండవలసింది "చీమ చెట్టు ఎక్కింది. ఏనుగు కింద నిలబడి చూసింది." బొమ్మలో చెట్టొక్కటే ఉంది, ఎవరెక్కారో అది చెప్పదు. వీర్రాజు చేతిలో చీమా ఏనుగూ తారుమారయ్యాయి. చెట్టులో ఒక ఒత్తు, ఎక్కిందిలో ఒక ఒత్తు, రెండూ ఉన్నాయని ఆవిడ టిక్కు పెట్టేసింది. ఒత్తుల లెక్క సరిపోయింది, ఏనుగే తప్పిపోయింది. ముప్పై ఒక్క సంవత్సరాల్లో మొదటి తప్పు, ఆరు లక్షల పుస్తకాల్లో. చెయ్యి గబుక్కున కొప్పులోకి పోయి పెన్సిలు లాగింది.

లోపల టీచరు కూడా నవ్వుతోంది. "ఏనుగు చెట్టెందుకెక్కిందర్రా?"

"పనసకాయ కోసమండీ."

"కిందుంటే చీమలు కుడతాయనండీ."

"చీమేమో దిగు, దిగు అంటందండీ. అది దిగట్లేదండీ."

కిటికీ పక్కన కూర్చున్న ఒక పిల్ల, రెండు జడలది, అంతవరకూ నోరు విప్పనిది, చెయ్యెత్తి లేచింది.

"ఆళ్ళమ్మ తిట్టిందండీ. అందుకని ఎక్కేసింది."

అచ్చమ్మగారు పైకే నవ్వేసింది. పెన్సిలు ఎప్పుడు కొప్పులోకి తిరిగి వెళ్ళిందో ఆవిడకే తెలియదు. పిల్లల చేత ఎవరూ ఫారం నింపించలేదు, ముద్ర వెయ్యలేదు. అయినా ఏనుగు ఎక్కుతూనే ఉంది, గంట కొట్టేదాకా.

వారం రోజుల తరవాత, పదవీ విరమణ దగ్గరపడుతుండగా, ఆవిడ బల్లమీద మెమో ఒకటి కనపడింది. కింద కామేశ్వరంగారి సంతకం.

"పదాలుగవ పుటలో నాలుగు వందల పదమూడవ దోషము వెలుగు చూసినది. దీనికి ఫారము సమరించలేదు. సహజముగా ఏనుగులు చెటెకవు. కావున ఇది సహజ దోషము కాదు. ఏనుగు చెటు ఎందుకు ఎకెనో మూడు రోజులలో సంజాయిషీ ఇవవలెను."

వీర్రాజు భుజం మీదినుంచి చదివి హడలిపోయాడు. "నా వల్లేనండీ అది. నేనే రాసిచ్చేత్తాను. ఏటని రాయమంటారు?"

"మీకు తెలియదు లెండి. నాకు కారణం తెలుసు."

ఆవిడ తెల్లకాగితం తీసుకుని, డైరెక్టరుగారికి చేరేలా రాసింది:

"అయ్యా, వాళ్ళమ్మ తిట్టింది.

ఇట్లు, ముక్కామల అచ్చమ్మ."

ముప్పై ఒక్క సంవత్సరాల్లో మొదటిసారి, రాసింది తిరిగి చదువుకోకుండా కవరులో పెట్టి అంటించేసింది.